పందొమ్మిదో సంచి

మా పిన్ని గురించి ఎవరికైనా చెప్పాలంటే నేను ఇక్కడ మొదలుపెడతాను. ఆవిడ ఇరవై రెండేళ్ళు ఒక దీవికి సంచులు కట్టింది, ఆ దీవిని మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఎండ బాగా కాసిన రోజు రేవు గోడ ఎక్కి నిలబడితే అది దూరంగా సన్నటి నల్ల గీతలా కనిపిస్తుంది. పిన్ని ఆ గోడ కూడా ఎక్కలేదు. మోకాళ్ళ నొప్పులనేది. మోకాళ్ళు బాగున్న రోజుల్లో కూడా ఎక్కలేదు కాబట్టి ఆ మాట నేను నమ్మను.

రేవు పక్కన సరుకుల కొట్టు, కొట్టు వెనక ఒకే కిటికీ ఉన్న పొడవాటి గది, ఆ గదిలో పిన్ని బల్ల. బల్ల వెనక గోడకి వరసగా కొక్కేలు, కొక్కేలకి మందపాటి గుడ్డ సంచులు, సంచుల మీద నల్ల రంగుతో అంకెలు. దీవిలో ఉన్నవి పద్దెనిమిది ఇళ్ళు, అందరూ చేపలు పట్టుకు బతికేవాళ్ళే. అక్కడ కొట్టు లేదు. బుధవారం పొద్దున లాంచీ ఇక్కణ్ణుంచి నిండు సంచులు తీసుకెళ్తుంది, సాయంత్రం వచ్చేటప్పుడు ముందు వారం పంపిన సంచుల్ని ఖాళీగా వెనక్కి తెస్తుంది. ఒక్కో ఖాళీ సంచిలో ఒక చీటీ ఉంటుంది, వచ్చే వారానికి ఆ ఇంటికి ఏమేం కావాలో రాసి. చీటీలన్నీ అక్కడి బడి మాస్టారు రాస్తారు, నీలం సిరాతో, ఎవరికీ అర్థం కాని గొలుసుకట్టులో. పిన్నికి అర్థమవుతుంది. చీటీ చూసి సంచి నింపి, మూతికి తాడు బిగించి పంపడం ఆవిడ పని. వీధిలో ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా సంచుల పిన్ని అనే పిలిచేవాళ్ళు. నాకు మాత్రం నిజంగానే పిన్ని, మా అమ్మకి చెల్లెలు. నేను అదే కొట్టులో ముందువైపు కౌంటర్లో కూర్చుంటాను.

చూడని మనుషుల గురించి ఆవిడకి తెలిసినంత, మా పక్కింటివాళ్ళ గురించి నాకు తెలియదు. ఏడో నంబరు ముసలాయన గట్టి బిస్కెట్లు మానేసి మెత్తటి రొట్టె అడిగిన వారం, "పాపం, పై పళ్ళు కూడా పోయాయి" అంది. పన్నెండో నంబరువాళ్ళు పసిపిల్లల పౌడరు రాయిస్తే వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి, పెళ్ళి సామాన్ల చీటీ వచ్చి ఏడు నెలలే అయింది కదా అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మూడో నంబరు చీటీలో సబ్బులు రెండు నుంచి ఒకటికి తగ్గిన రోజు, ఆ ఇంట్లో ఒకరు పోయారని, మధ్యాహ్నం భోజనం మానేసింది. ఎవరో ఏమిటో తెలియని మనుషుల కోసం పస్తులుండటం ఏమిటని నేను విసుక్కున్నాను. ఆవిడ పట్టించుకోలేదు.

నా మీద ఆవిడకి ఉన్న ఫిర్యాదు ఒక్కటే. పిప్పరమెంట్ల సీసా మూత నేను గట్టిగా పెట్టను. సముద్రపు గాలికి అవి మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోతాయి. మూత గట్టిగా పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలే నీకు, అని రోజుకోసారైనా అనకపోతే ఆవిడకి తోచేది కాదు. నేనూ మొండిదాన్నే. ఇంకో నాలుగు రోజులు అలాగే వదిలేసేదాన్ని.

ఇళ్ళు పద్దెనిమిదే గానీ, కొక్కేలు పందొమ్మిది. ఇప్పుడు ఆ సంగతి చెప్పాలి.

రేవు ఆఫీసు గోడకి ఒక చెక్క బోర్డు ఉంది. దానికి ముప్పై మేకులు, మేకులకి ఇత్తడి టోకెన్లు. లాంచీ ఎక్కే ప్రతి మనిషీ ఒకటి తీసుకెళ్ళాలి, తిరిగొచ్చాక తన చేత్తో తనే తగిలించాలి. ఇంకొకళ్ళ చేతికిచ్చి తగిలించమంటే కుదరదు. సముద్రంలోకి ఎంతమంది వెళ్ళారు, ఎంతమంది వచ్చారు అనేది తెలియడానికి ఎప్పుడో పెట్టిన పద్ధతి. దీవిలో ఉండేవాళ్ళకి వాళ్ళ ఇంటి నంబరే టోకెను. బయటివాళ్ళకి పందొమ్మిది నుంచి ముప్పై దాకా ఏదో ఒకటి. బయటివాళ్ళెవరైనా అక్కడ కొన్నాళ్ళు ఉండాల్సి వస్తే, వాళ్ళకి వెళ్ళే సంచి మీద కూడా ఆ టోకెను అంకే వేస్తారు.

మా బాబాయి ఇంజన్ల మెకానిక్కు. సన్నగా, పొట్టిగా ఉండేవాడు. చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క, బుగ్గలో ఎప్పుడూ ఒక పిప్పరమెంటు. మనుషులు మాట్లాడుతున్నా ఇంజను చప్పుడు వింటున్నట్టే తల వాల్చి వినేవాడు. పదమూడేళ్ళ కిందట, దీవిలో చేపలకి ఐసు తయారుచేసే కొత్త ఇంజను బిగించడానికి రెండు నెలల పని మీద వెళ్ళాడు. పందొమ్మిదో నంబరు టోకెను తీసుకున్నాడు. ఆ ఇంజను గదిలోనే ఉండేవాడు. పిన్ని వారం వారం ఆయనకి సంచి కట్టేది. బ్లేళ్ళు, ఒంటి సబ్బు, గ్రీజు వదిలే పొడి, అగ్గిపెట్టెలు, టీపొడి, పిప్పరమెంట్లు. ఎప్పుడూ ఆ ఆరే.

పని అయిపోయింది. బుధవారం దాకా ఆగితే లాంచీ వచ్చేది. ఇంటికి రావాలని తొందర పుట్టి, సోమవారం మధ్యాహ్నం ఒక చిన్న పడవ అడిగి తీసుకుని ఒక్కడే బయల్దేరాడు. మర్నాడు ఆ పడవ దొరికింది. బోల్తా పడలేదు, లోపల చుక్క నీళ్ళు లేవు, ఇంజను ఒక్క లాగుకే స్టార్టయింది. మనిషి లేడు. మనిషితో పాటు టోకెనూ లేదు. ఆ రోజు నుంచి బోర్డు మీద పందొమ్మిదో మేకు ఖాళీ.

ఆ బుధవారం పిన్నిని పనికి రావద్దన్నా వచ్చింది. ఏడుస్తూనే పద్దెనిమిది సంచులు కట్టింది. చేతి అలవాటు కొద్దీ పందొమ్మిదోది కూడా కట్టేసింది. లాంచీ వెళ్ళిపోయాక గానీ ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. పోనీలే, అక్కడ ఎవరో ఒకరు వాడుకుంటారు అంది మా అమ్మ. మరుసటి బుధవారం ఆ సంచి ఖాళీగా తిరిగొచ్చింది. నాలుగు మడతలు పెట్టి, తాడు రెండు చుట్లు తిప్పి, బాబాయి తన పనిముట్ల సంచికి వేసుకునే ముడి వేసి ఉంది. లోపల చీటీ. బ్లేళ్ళు, సబ్బు, గ్రీజు పొడి, అగ్గిపెట్టెలు, టీపొడి, పిప్పరమెంట్లు.

పిన్ని ఆ ఆరూ సంచిలో పెట్టింది. అలా పదమూడేళ్ళు పెట్టింది. కొట్టు యజమానికి తెలుసు, ఏనాడూ అడగలేదు. నేనే అడిగాను, వాదించాను, ఒకసారి కోపం పట్టలేక చీటీ చింపేశాను కూడా. ఆవిడకి చీటీతో పనేముంది, ఆరూ కంఠతా వచ్చు. విచిత్రం ఏమిటంటే, పందొమ్మిదిలో ఎవరున్నారని ఆవిడ ఎవర్నీ అడగలేదు. మాస్టారుకి నాలుగు ముక్కలు రాసి సంచిలో పడేస్తే వారం తిరిగేసరికి తెలిసిపోయేది. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది. ఆ జవాబు రాకుండా చూసుకుంటూ పదమూడేళ్ళు గడిపింది. నాకు ఆవిడంటే ప్రాణం గానీ, ఆ ఒక్క విషయంలో మాత్రం చెంప పగలగొట్టాలనిపించేది.

కిందటేడు సముద్రం పొంగే కాలానికి మూడు వారాల ముందు రేవు గుమాస్తా కొట్టుకొచ్చాడు. నడుముకి తాళాల గుత్తి, చంకలో రిజిస్టరు లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నిద్రలో కూడా గీతలు కొట్టుకుంటాడని మా కొట్టులో జోకు. పాత బోర్డు తీసేసి కొత్తది పెడుతున్నారట, ఇత్తడి టోకెన్లకి బదులు ప్లాస్టిక్ కార్డులు వస్తాయట. పాత లెక్కలన్నీ ముగించాలి. పందొమ్మిదికి ఎదురుగా, తిరిగి రాడు అని రాసి ఇంటివాళ్ళ సంతకం తీసుకోవాలి. ఇక మీదట రిజిస్టర్లో లేని నంబరుకి సంచి కూడా వెళ్ళదు. సముద్రం పొంగి లాంచీలు ఆగిపోయే ముందు, ఆఖరి లాంచీ వెళ్ళేలోపు సంతకం కావాలన్నాడు. పాపం, మంచివాడే, చెప్పేటప్పుడు నేల చూపులు చూశాడు.

పిన్ని రిజిస్టరు వైపు చూడలేదు. సంచి మూతికి తాడు బిగిస్తూ, "ఒకసారి వెళ్ళి చూసొచ్చి పెడతాను సంతకం" అంది.

నిజం చెప్పొద్దూ, ముందు సంతోషమే కలిగింది. వెళ్తుంది, ఖాళీ గది చూస్తుంది, ఏడుస్తుంది, వచ్చి సంతకం పెడుతుంది, పీడ విరగడవుతుంది అనుకున్నాను. అందుకే ఆ ప్రయాణానికి ఏర్పాట్లన్నీ నేనే నెత్తిన వేసుకున్నాను.

ఏర్పాట్లంటే చిన్న విషయం కాదు. ఆఖరి లాంచీ దీవి దగ్గర రెండు గంటలే ఆగుతుంది. అది తప్పిపోతే మళ్ళీ నాలుగు నెలలు లాంచీ ఉండదు. అందుకని పాత క్యాలెండరు కాగితం వెనక నిమిషాలతో సహా రాశాను. దిగడానికి అయిదు నిమిషాలు. మెట్లెక్కడానికి మామూలువాళ్ళకి పది, పిన్నికి ఇరవై. ఇంజను గది దగ్గర అరగంట. మాస్టారి ఇంట్లో మంచినీళ్ళకి పది. దిగిరావడానికి పాతిక. మిగిలింది మోకాళ్ళ కోసం. గొడుగు, టార్చి, వాంతుల మాత్రలు, ఒక జత బట్టలు. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం మొత్తం చదివింది.

"ఇంజను గది దగ్గర అరగంటా?"

"చాలదా?"

"పదమూడేళ్ళకి అరగంటేనటే?"

నేను పెన్ను మూసి లేచిపోయాను. అక్కడే ఉంటే ఏడ్చేదాన్ని.

మర్నాడు ఆవిడ తలకి రంగు వేసుకుని వచ్చింది. ఎప్పుడూ వేసుకునే మనిషి కాదు. నుదుటి మీద, చెవుల మీద కూడా నల్లగా అంటింది. ఏమిటిది అంటే, ఆయన చూసినప్పుడు ఇంత తెల్లగా లేదు కదా, గుర్తుపట్టొద్దూ, అంది. పెట్టె అడుగునుంచి పాత ఆకుపచ్చ స్వెట్టరు తీసి ఎండేసింది. బాబాయి వెళ్ళిన రోజు రేవులో వేసుకున్నది అదే. మోచేతుల దగ్గర చిరుగులుంటే పచ్చ దారం దొరక్క నీలం దారంతో కుట్టుకుంది. నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

ఆఖరి లాంచీకి ముందు వారం, అంటే ప్రయాణానికి సరిగ్గా ఏడు రోజుల ముందు, సాయంత్రం ఖాళీ సంచులు వచ్చాయి. చీటీలు విడదీస్తున్నది నేనే. పందొమ్మిదో చీటీ ఎప్పట్లా మడిచి పక్కన పెట్టబోయి ఆగాను. పొడుగ్గా ఉంది. ఆరు వస్తువుల కింద ఇంకో నాలుగున్నాయి. తలనూనె. వెడల్పు పళ్ళ దువ్వెన. ఆడవాళ్ళ చెప్పులు, అయిదో నంబరు. మోకాళ్ళకి రాసుకునే మందు.

పిన్ని పాదం అయిదో నంబరు.

ఎవరో వాగారనుకున్నాను. ఈ ప్రయాణం సంగతి తెలిసినవాళ్ళు నలుగురే, మేమిద్దరం, గుమాస్తా, లాంచీ నడిపే సరంగు. తిన్నగా గుమాస్తా మీదకి వెళ్ళాను. తన తాళాల మీద ఒట్టేశాడు, తను ఎవరికీ చెప్పలేదని. సరంగుని అడగడం దండగ. అతను పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పది మాటలు మాట్లాడితే అందులో ఎనిమిది ఇంజనుతోనే. పందొమ్మిది సంచులిస్తాను, పందొమ్మిది తెస్తాను, గట్టు మీదకి ఎక్కను, అన్నాడు. అంత మాట్లాడటమే ఎక్కువ.

దీవిలో ఫోన్లు లేవు. బడిలో ఒక రేడియో సెట్టు ఉంది, తుఫాను హెచ్చరికలు చెప్పుకోవడానికి. మర్నాడు మధ్యాహ్నం గుమాస్తా కాళ్ళా వేళ్ళా పడి ఆ రేడియోలో మాస్టారుని పిలిపించాను. పిన్నికి చెప్పలేదు. రేవు ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది, బయట మత్తుగా ఎండ కాస్తోంది, చేపల బుట్టలు కడిగే చప్పుడు వినిపిస్తోంది. పట్టపగలు, భయపడాల్సింది ఏమీ లేదు. పందొమ్మిదో నంబరులో ఎవరుంటున్నారు మాస్టారూ అని అడిగాను.

గరగర మధ్యనుంచి, "అదేమిటమ్మా, మీరే కదా పంపిస్తున్నారు" అన్నారాయన.

ఆయన చెప్పింది ఇది. మెకానిక్కు పోయాక, ఆ వారం కూడా ఆయన సంచి వచ్చేసరికి దీవిలో అందరూ తెల్లబోయారట. కానీ వాళ్ళకో పద్ధతుంది. సంచి వచ్చిందంటే దాని మనిషి ఉన్నట్టే లెక్క. సంచి ఆగిపోతేనే మనిషి లేనట్టు. పంపినవాళ్ళు లేడని ఒప్పుకోనిదే తాము ఎలా వెనక్కి పంపుతామని, దాన్ని తీసుకెళ్ళి ఇంజను గది గుమ్మం ముందు పెట్టారట. ఖాళీ సంచి చీటీ లేకుండా పంపకూడదు కాబట్టి ఆయన పాత చీటీనే మళ్ళీ రాశారట. మా కోసం వాళ్ళు, వాళ్ళ కోసం మేము. ఒక్క పొరపాటుని రెండు ఒడ్లవాళ్ళూ పదమూడేళ్ళు మోశారు. ఇంతేనా అనిపించింది. ఆ సామాన్లన్నీ ఎవరు తీసుకుంటున్నారు మరి, అని అడిగాను.

"అదే మాకూ తెలీదమ్మా. ఆ ఇంజను పాడై ఏళ్ళయింది, గదికి తాళం వేసుంది, అటు ఎవరూ పోరు. సాయంత్రం పెడతాం. పొద్దున్నకి సంచి ఖాళీగా, మడతపెట్టి ఉంటుంది. మొదట్లో పక్షుల పనేమో అనుకున్నాం. పక్షులు సంచి మడతపెట్టవు కదా."

గుమాస్తా నా మొహం చూస్తున్నాడు. నేను అతని మొహం చూడలేదు. మరి ఈ వారం ఆ నాలుగు వస్తువులూ ఎందుకు కొత్తగా రాశారని అడిగాను. ఆడవాళ్ళ చెప్పులు అవీ.

చాలాసేపు గరగర మాత్రమే వచ్చింది. రేడియో పోయిందేమో అనుకున్నాను.

"నేను రాసింది ఆరే" అన్నారు మాస్టారు.

చీటీ నా చేతిలోనే ఉంది. అప్పుడు చూశాను. పైన ఆరు నీలం సిరాతో, గొలుసుకట్టులో. కింద నాలుగు పెన్సిలుతో, విడివిడి అక్షరాల్లో.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. కానీ ఆ మధ్యాహ్నం కొట్టుకి నడిచొస్తుంటే, ఎండలో నా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. పిన్నిని ఎలాగైనా ఆపాలని నిశ్చయించుకున్నాను. మాస్టారు చెప్పినదాంట్లో మొదటి సగం మాత్రం చెప్పాను. అంతా పొరపాటు పిన్నీ, నువ్వు అలవాటుగా పంపావు, వాళ్ళు మొహమాటానికి తీసుకున్నారు, అక్కడ ఎవరూ లేరు, వెళ్ళొద్దు, సంతకం పెట్టేయ్, అన్నాను. ఆవిడ తొమ్మిదో నంబరుకి ఉప్పు పొట్లం కడుతోంది. దారం తెంపి పొట్లం సంచిలో వేసింది.

"కిందవి పెన్సిలు కదా" అంది.

చీటీ అందరికంటే ముందు ఆవిడే చూసిందట. సంచి దింపుతుండగానే ముడి విప్పి చూసి, మళ్ళీ అలాగే కట్టి నా ముందు పెట్టింది. నేను చూస్తానా లేదా, చూసి తనలాగే చదువుతానా లేదా అని. తనకి మతి పోలేదని తేల్చుకోవాలిగా, అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహంలో భయం లేదు. అదే నన్ను భయపెట్టింది. అప్పుడిక దాచుకోలేదు. ఏడ్చాను, తిట్టాను, అమ్మతో చెప్తానన్నాను. నేను కూడా వస్తానన్నాను. ఇద్దరం వెళ్తే సంచులు ఎవరు కడతారే, అంది.

"పదమూడేళ్ళు పంపించాను. ఒక్కసారి నేనే పట్టుకెళ్తాను. మీ బాబాయి లేకపోతే వచ్చి సంతకం పెడతాను."

ఉంటే, అని నేను అడగలేదు. ఆవిడా చెప్పలేదు. టోకెను వెనక్కి తెచ్చి తన చేత్తో తనే తగిలిస్తానని మాటివ్వమన్నాను. సరేనంది. అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఆఖరి లాంచీ రోజు పొద్దున్నే పందొమ్మిదో సంచి నన్ను కట్టమంది. తను స్టూలు మీద కూర్చుని చూసింది. ఆరు వస్తువులూ పెట్టాను. ఆ నాలుగు కూడా పెట్టమంది. పెట్టాను. రేవులో గుమాస్తా ఆవిడకి ఇరవై ఆరో నంబరు టోకెను ఇచ్చాడు. ఆకుపచ్చ స్వెట్టరు, నీలం కుట్లు, నల్లటి తల, ఒళ్ళో సంచి. లాంచీ కదిలాక ఒక్కసారి వెనక్కి తిరిగింది. నా వైపు కాదు, కొట్టు కిటికీ వైపు చూసింది.

లాంచీ నాలుగున్నరకి వచ్చింది. గోడ మీదనుంచే లెక్కపెట్టాను. సరంగు, అతని మనిషి ఒకడు, సంచుల గుట్ట. పిన్ని లేదు.

సరంగు తాడు కట్టి, టోపీ తీసి, నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తన జన్మలో అంత పొడుగ్గా ఎప్పుడూ మాట్లాడి ఉండడు. రెండు గంటలూ ఆగాడట. హారన్ మూడుసార్లు కొట్టాడట. మూడోసారికి పిన్ని ఇంజను గది గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపిందట. ఆగమని కాదు, వెళ్ళమని. గాలి లేస్తోంది, అంతకంటే ఆగితే అందరి ప్రాణాల మీదకీ వస్తుందని వచ్చేశాడట. పైకెక్కి లాక్కురావాల్సింది కదా అని అతని చొక్కా పట్టుకున్నాను. విడిపించుకోలేదు.

"ఒక్కతే ఉందా?" అని అడిగాను.

అతను వంగి, చుట్టేసి ఉన్న తాడునే మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.

సంచుల్లో పందొమ్మిదోది నా చేతికి బరువుగా తగిలింది. ముందు వారం పంపిన సంచి, అదే మడత, అదే ముడి. విప్పితే చీటీ లేదు. పందొమ్మిదో నంబరు టోకెను ఉంది. పదమూడేళ్ళు ఉప్పునీటిలో ఉన్న ఇత్తడి పచ్చగా చిలుము పట్టాలి. అది ఎవరో రోజూ గుడ్డతో తుడుస్తున్నట్టు మెరుస్తోంది. గుమాస్తా దాన్ని అరచేతిలో పెట్టుకుని, రూలు ప్రకారం ఆయనే తగిలించాలి, అని గొణిగాడు. చివరికి తనే తగిలించాడు. పందొమ్మిదో మేకు నిండింది. ఇరవై ఆరో మేకు ఖాళీగా ఉంది.

మర్నాడు గాలి హోరులో మాస్టారు రేడియోలో దొరికారు. దీవి చుట్టూ తిరగడానికి గంట కూడా పట్టదు. అందరూ రెండుసార్లు తిరిగారట. పిన్ని ఎక్కడా లేదు. ఇంజను గది తాళం ఎప్పట్లాగే వేసి ఉంది, తుప్పు పట్టి తాళంచెవి కూడా దూరనంతగా. పగలగొట్టి చూశారా అంటే, చూశామమ్మా, లోపల పాత ఇంజనే ఉంది, అన్నారు. తర్వాత, చెప్పాలా వద్దా అన్నట్టు తటపటాయించి, గుమ్మం దగ్గర రెండు జతల చెప్పులున్నాయన్నారు. ఒకటి కొత్తది.

నాలుగు నెలలు సముద్రం రోజూ గోడని కొట్టింది. పోలీసులు వచ్చి రాసుకుని వెళ్ళారు. నేను పిన్ని స్టూలు మీద కూర్చుని సంచులకి అంకెలు దిద్దాను. దీవికి వెళ్ళి చూడొచ్చు కదా అని అందరూ అంటారు. నాకు భయం. దాచుకోవడం ఎందుకు. ఖాళీ గది చూస్తానని కాదు.

సముద్రం తేటపడ్డాక మొదటి లాంచీ రోజు పొద్దున గుమాస్తా వచ్చాడు. కొత్త బోర్డు, కొత్త కార్డులు, అదే రిజిస్టరు. ఇరవై ఆరుకి ఎదురుగా వేలు పెట్టి, ఇంటివాళ్ళు అంటే ఇప్పుడు నువ్వే కదమ్మా, అన్నాడు. పదమూడేళ్ళు పిన్నిని నేను వేధించిన మాటలన్నీ నా నోటి దగ్గరే ఉన్నాయి. ఒక్క గీత గీస్తే అయిపోతుంది, లేనివాళ్ళని ఉన్నారని ఎన్నాళ్ళనుకుంటాం, అని. పెన్ను తీసుకోలేదు. పద్దెనిమిది సంచులు కట్టాను. కొత్త సంచి ఒకటి తీసి, దాని మీద నల్ల రంగుతో ఇరవై ఆరు వేసి, రంగు ఆరేదాకా ఆగి, అదీ కట్టాను. గుమాస్తా రిజిస్టరు మూసేసి, ఆ గీత ఖాళీగానే వదిలి వెళ్ళిపోయాడు.

సాయంత్రం లాంచీ ఖాళీ సంచుల్ని తెచ్చింది. అన్నిటికన్నా కింద పందొమ్మిదోది ఉంది. ఆఖరి లాంచీలో పిన్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళినది, నేను కట్టినది. నాలుగు మడతలు, రెండు చుట్లు, అదే ముడి. లోపల చీటీలో నీలం సిరా ఎక్కడా లేదు. అంతా పెన్సిలే. బ్లేళ్ళు, సబ్బులు రెండు, గ్రీజు పొడి, అగ్గిపెట్టెలు, టీపొడి రెండింతలు, పిప్పరమెంట్లు. అన్నీ విడివిడి అక్షరాల్లో. ఆఖరి వరస మాత్రం గుండ్రంగా, పెద్దగా, ఈ గదిలో ఇరవై రెండేళ్ళు నేను చూసిన చేతిరాతలో ఉంది.

"పిప్పరమెంట్లు మెత్తబడి ఉన్నాయి. మూత గట్టిగా పెట్టమని ఎన్నిసార్లు చెప్పాలే నీకు."

లేచి సీసా దగ్గరికి వెళ్ళాను. మూత వదులుగానే ఉంది.